డ్రాఫ్ట్ చేతికి రాకముందే మొదలవ్వాల్సిన పని: గ్రాంట్ ప్రపోజల్ కోచింగ్‌పై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇప్పటికే గ్రాంట్లు, అంటే పరిశోధనకు నిధులు, తెచ్చుకున్నారు, కొందరు ఏ ప్రపోజల్‌కు డబ్బివ్వాలో తేల్చే ప్యానెళ్లలో కూర్చుని ఇతరుల ప్రపోజల్స్ చదివారు, ఇప్పుడు మీ మీ విభాగాల్లో జూనియర్లకు కోచింగ్ ఇవ్వబోతున్నారు. అందుకని ప్రపోజల్ అంటే ఏమిటి అన్న దగ్గర మొదలుపెట్టను, నేరుగా విషయానికి వస్తాను.

కోచ్ దగ్గరికి పరిశోధకులు ఎప్పుడు వస్తారు? డెడ్‌లైన్ ఇంకో పది రోజులు ఉందనగా, పూర్తి డ్రాఫ్ట్ పట్టుకుని, "ఒకసారి భాష చూసి పెట్టండి, ఫ్లో ఎలా ఉందో చెప్పండి" అంటూ వస్తారు. మనం కాదనలేక కూర్చుని వాక్యాలు దిద్దుతాం, రెండు పేరాలు అటూ ఇటూ మారుస్తాం, బొమ్మ కింద క్యాప్షన్ సరిచేస్తాం, వాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. కానీ ఆ ప్రపోజల్ పోతే, చాలావరకు ఆ వాక్యాల వల్ల పోదు. మొదటి వాక్యం రాయడానికి ఎంతో ముందు తీసుకోవాల్సిన నిర్ణయాలు తీసుకోకపోవడం వల్ల పోతుంది. ఏ ప్రశ్న అడుగుతున్నాం, ఏ సంస్థను అడుగుతున్నాం, ఎంతవరకు చేస్తాం, ఏది వదిలేస్తాం అన్నవే ఆ నిర్ణయాలు. అవి తీసుకునేటప్పుడు పక్కన ఉండటమే కోచింగ్ అని నేను నమ్ముతాను. ఈ గంటంతా దాని గురించే మాట్లాడతాను.

ఇది నా ఒక్కరి అభిప్రాయం కాదు, కొంత ఆధారం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అతి పెద్ద పథకానికి 2012లో వచ్చిన 3,727 ప్రపోజల్స్ తయారీకి పట్టిన సమయాన్ని కొందరు పరిశోధకులు లెక్కగట్టారు. కొత్త ప్రపోజల్‌కు సగటున 38 పనిదినాలు, మళ్లీ వేసినదానికి 28. మొత్తం కలిపితే 500 ఏళ్లకు పైగా మనుషుల పని. గ్రాంట్ వచ్చింది మాత్రం 20.5 శాతానికి. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన విషయం వేరే ఉంది. ప్రధాన పరిశోధకుడు ప్రపోజల్ మీద ఎక్కువ రోజులు కూర్చున్నంత మాత్రాన గ్రాంట్ వచ్చే అవకాశం పెరగలేదు. అంటే కష్టపడటం లేదన్నది సమస్య కాదు. ఆ కష్టం ఎక్కడ పడుతున్నాం అన్నదే ప్రశ్న. పదో డ్రాఫ్ట్‌ని పదకొండో డ్రాఫ్ట్ చేయడంలో పోయే వారం, మొదటి డ్రాఫ్ట్ కంటే ముందు ఆలోచనకు పెడితే ఫలితం వేరుగా ఉంటుందని నా నమ్మకం.

ఇంకొక సంగతి. కోచింగ్ ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే సమాధానం న్యాయం గురించి. పెద్ద ల్యాబుల్లో పెరిగినవాళ్లకు ఈ విద్య ఎవరూ క్లాసు పెట్టి నేర్పరు, గాలిలోంచి వచ్చేస్తుంది. గైడు రాసిన ప్రపోజల్ పక్క టేబుల్ మీద ఉంటుంది, సీనియర్‌కి వచ్చిన రివ్యూలు టీ తాగుతూ చర్చిస్తారు, ఫలానా ప్యానెల్ వాళ్లకు ఏది నచ్చదో మాటల్లో తెలిసిపోతుంది. ఆ గాలి తగలనివాళ్ల సంగతేమిటి? అమెరికాలో ఎన్‌ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థకు 2000 నుంచి 2006 వరకు వచ్చిన 83 వేలకు పైగా దరఖాస్తుల్ని పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వచ్చింది. చదువు, అనుభవం, ప్రచురణల వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా నల్లజాతి పరిశోధకులకు గ్రాంట్ వచ్చే అవకాశం తెల్లవారికంటే 10 శాతం పాయింట్లు తక్కువగా ఉందని తేలింది. దాని తర్వాతే ఆ సంస్థ 2014లో జాతీయ స్థాయిలో ఒక మెంటారింగ్ నెట్‌వర్క్‌కు డబ్బిచ్చింది, అందులో ముఖ్యమైన భాగం గ్రాంట్ రాసేవాళ్లకు గ్రూపులుగా కోచింగ్ ఇవ్వడం. ఆ అంతరానికి కారణాలు చాలా ఉన్నాయి, కోచింగ్ ఒక్కటే అన్నీ సరిచేయదు. కానీ కొందరికి మాత్రమే తెలిసిన మాటల్ని అందరికీ తెలిసేలా చేయడం మన చేతిలో ఉన్న పని, అది చేయకపోవడానికి మనకు ఏ సాకూ లేదు.

సరే, ఎలా చేయాలో చూద్దాం.

మొదటి మీటింగ్‌కు డ్రాఫ్ట్ తీసుకురావద్దని చెప్పండి. ఖచ్చితంగా చెప్పండి. తెస్తే మీ కళ్లు దాని మీదికే పోతాయి, వాళ్లు కూడా దాన్ని కాపాడుకునే ధోరణిలోకి వెళ్లిపోతారు. ఖాళీ చేతులతో రమ్మని, ఎదురుగా కూర్చోబెట్టి, "మీరు ఏం చేయాలనుకుంటున్నారు? మీ రంగం తెలియని మనిషికి చెప్పినట్టు చెప్పండి" అని అడగండి. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1975 నుంచి 1977 వరకు అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు డైరెక్టర్‌గా ఉన్న జార్జ్ హైల్‌మెయిర్, తన దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్ని అంచనా వేయడానికి కొన్ని ప్రశ్నలు పెట్టుకున్నారు. అందులో మొట్టమొదటిది ఇదే: మీరు చేయబోయేదేమిటో పారిభాషిక పదం ఒక్కటీ లేకుండా చెప్పండి. తర్వాత, ఇప్పుడు దాన్ని ఎలా చేస్తున్నారు, దాని పరిమితి ఎక్కడుంది, మీ పద్ధతిలో కొత్తదేమిటి, అది పనిచేస్తుందని ఎందుకు అనుకుంటున్నారు, ఎవరికి కావాలి ఇది, నష్టాలేమిటి, ఎంత ఖర్చు, ఎంత కాలం, మధ్యలో ఒకసారి చివర ఒకసారి పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది. యాభై ఏళ్లు దాటినా వీటికంటే మెరుగైన మొదటి మీటింగ్ ప్రశ్నలు నాకు కనబడలేదు.

అడిగాక మౌనంగా ఉండండి. ఇదే కష్టం. ఎదుటివాళ్లు తడబడుతుంటే మనకు తెలిసిన విషయం కాబట్టి మాట అందించాలనిపిస్తుంది. అందించకండి. ఆ తడబాటు ఎక్కడ వస్తుందో గమనించి రాసుకోండి, ప్రపోజల్‌లో బలహీనమైన చోటు సరిగ్గా అదే అవుతుంది. కాగితం మీద పొడవాటి వాక్యంతో దాన్ని కప్పేయొచ్చు, నోటితో చెప్పేటప్పుడు కప్పలేరు.

ఇక్కడ తరచుగా వినిపించే ఒక మాట ఉంది. "దీని మీద ఇప్పటివరకు ఎవరూ పని చేయలేదు సార్" అంటారు. ఎవరూ చేయకపోవడం ఒక్కటే కారణంగా సరిపోదు, అవసరం లేదు కాబట్టే చేయలేదేమో! ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక పరిశోధకురాలు నదుల్లో యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా మీద ప్రాజెక్టు అనుకుంటున్నారు. మొదట ఆమె చెప్పేది, "మా నది మీద ఇలాంటి సర్వే జరగలేదు" అని. మీరు అడుగుతారు, "జరగకపోవడం వల్ల ఏది ఆగిపోయింది?" ఆమె ఆలోచిస్తారు. కాసేపటికి, మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే బ్యాక్టీరియా నదిలో కొన్ని రోజుల్లో చచ్చిపోతుందా, లేక తన నిరోధక జన్యువుల్ని అక్కడి బ్యాక్టీరియాకు అంటించి వెళుతుందా అన్నది తెలియడం లేదని, అది తెలియనంతవరకు శుద్ధి కేంద్రంలో ఏ దశ మీద డబ్బు పెట్టాలో ఎవరూ చెప్పలేకపోతున్నారని అంటారు. ఇప్పుడు వచ్చింది ప్రశ్న. సర్వే అలాగే ఉంది, నమూనాలు అవే, పరికరాలు అవే. కానీ ఇప్పుడు ఒక పక్కన తెలియని విషయం, ఇంకో పక్కన దాని వల్ల ఆగిపోయిన పని, రెండూ కనిపిస్తున్నాయి. ఈ మార్పు ఎడిటింగ్‌తో రాదు, ఎదురెదురుగా కూర్చుంటేనే వస్తుంది.

ప్రశ్న తేలాక ఒక్క పేజీ. ఎన్‌ఐహెచ్ వాళ్లు దీన్ని స్పెసిఫిక్ ఎయిమ్స్ పేజీ అంటారు, అక్కడ అది తప్పనిసరి, ఒక్క పేజీ మించడానికి వీల్లేదు. మీ సంస్థ ఏదైనా సరే, ఆ అలవాటు పెట్టుకోమని నా సలహా. సమస్య ఏమిటి, తెలియనిదేమిటి, మన ఊహ ఏమిటి, దానికి ఇప్పటికే ఉన్న ఆధారమేమిటి, రెండు మూడు లక్ష్యాలు, చివరికి ఏం మారుతుంది. ఇంతే. ఈ పేజీ పూర్తిగా కుదిరేదాకా మిగతా ప్రపోజల్ ముట్టుకోవద్దని చెప్పండి. మూడు వారాలు ఈ పేజీ మీదే గడిచినా కంగారు పడకండి, ఎందుకంటే తర్వాత రాసే పేజీలన్నీ దీన్ని విప్పి చెప్పడమే.

ఆ పేజీలో లక్ష్యాల దగ్గర ఎక్కువసేపు ఆగండి. నేను చేయించే పరీక్ష ఒకటుంది. మొదటి లక్ష్యం మీద కాగితం పెట్టి మూసేసి, "ఇది ఫెయిల్ అయింది అనుకోండి, మిగతా రెండిట్లో ఏం మిగిలింది?" అని అడుగుతాను. చాలాసార్లు ఏమీ మిగలదు. మొదటి లక్ష్యంలో ఒక అణువును కనిపెడతాం, రెండోదాంట్లో ఆ అణువు ఎలా పనిచేస్తుందో చూస్తాం, మూడోదాంట్లో దాన్ని జంతువుల మీద వాడతాం అని రాస్తారు. ఒక్క గుంజ కదిలితే పందిరంతా కూలే కట్టడం ఇది, రివ్యూయర్ మొదటి చూపులోనే పట్టేస్తాడు. లక్ష్యాలు ఒకే ప్రశ్నను వేర్వేరు వైపుల నుంచి పట్టుకోవాలి, ఒకటి అనుకున్నట్టు రాకపోయినా రెండోదాని ఫలితానికి విలువ ఉండాలి. కుదరదంటే, కనీసం మొదటిది వస్తుందని నమ్మడానికి పైలట్ డేటా, అంటే ముందుగా చిన్న ఎత్తున చేసి చూసిన ఫలితాలు, చూపించాలి, రాకపోతే ఏం చేస్తామో ఒక పేరా ఉండాలి. ఆ పేరాలో "తగిన ప్రత్యామ్నాయ పద్ధతులు వాడతాం" అని ఉంటే అది లేనట్టే లెక్క. ఏ పద్ధతి, ఎప్పుడు మారతాం, ఏ సంకేతం చూసి మారతాం అన్నవి ఉండాలి.

క్రియాపదాలు కూడా చూడండి. "అధ్యయనం చేస్తాం", "పరిశీలిస్తాం", "అన్వేషిస్తాం" అని వరసగా కనబడితే ఆ పరిశోధకుడికి చివర్లో ఏం తేలాలో ఇంకా తెలియదని అర్థం. "మీ ఊహ తప్పని చెప్పే ఫలితం ఎలా ఉంటుంది?" అని అడగండి. సమాధానం వస్తే అది మంచి లక్ష్యం. "అలాంటి ఫలితం రాదు" అంటే, అక్కడ పరీక్షించడానికి ఏమీ లేదని మెల్లగా చెప్పండి.

ఈ పేజీని ముగ్గురికి చూపించమనండి. అదే అంశం మీద పనిచేసే ఒకరు, అదే రంగంలో వేరే మూల నుంచి ఒకరు, పూర్తిగా బయటి మనిషి ఒకరు. "ఎలా ఉంది" అని అడగొద్దని చెప్పండి, బాగుందంటారు. పేజీ వెనక్కి తీసేసుకుని, "ఇందులో ఏం చేయబోతున్నానో మీ మాటల్లో చెప్పండి" అని అడగమనండి. వాళ్లు చెప్పేదానికీ తాను అనుకున్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో పరిశోధకుడే చూసుకుంటాడు, మనం నోరు విప్పాల్సిన అవసరం కూడా ఉండదు.

ఇక కాల్ డాక్యుమెంట్, అంటే దరఖాస్తులు పిలుస్తూ సంస్థ ఇచ్చే ప్రకటన, చదవడం. దీని గురించి నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఎందుకంటే తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు కూడా దీన్ని పైపైన చూసి వదిలేస్తారు. ఒకే ప్రాజెక్టును రెండు సంస్థలకు పంపితే వెన్నెముక మారాలి. అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ అనే జాతీయ సైన్స్ ఫౌండేషన్ రెండు ప్రమాణాలతో చూస్తుంది: శాస్త్రీయంగా ఎంత విలువైనది, సమాజానికి విస్తృతంగా ఏం మేలు చేస్తుంది. ఆ రెండోదాన్ని చివరి అరపేజీలో తోసేస్తే సగం మార్కుల గురించి మాట్లాడనట్టే. యూరప్‌లో ఈఆర్‌సీ అనే యూరోపియన్ పరిశోధన మండలికి ఒకటే ప్రమాణం, శ్రేష్ఠత, అక్కడ ప్రాజెక్టుతో పాటు మనిషినీ దానితోనే తూస్తారు. అక్కడ మరీ జాగ్రత్తగా, చిన్నచిన్న మెట్లతో రాసిన ప్రపోజల్ నిలబడటం కష్టం. ఎన్‌ఐహెచ్ 2025 నుంచి తన పాత ఐదు ప్రమాణాల్ని మూడు అంశాలుగా సర్దింది: ఒకటి, పరిశోధన ఎంత ముఖ్యం; రెండు, పద్ధతి ఎంత గట్టిది, అది చేయదగినదేనా; మూడు, మనుషులు, వనరులు సరిపోతాయా. మూడోదానికి ఇప్పుడు విడిగా స్కోరు లేదు, తగినంత ఉందా లేదా అనే చూస్తారు. ఇది తెలియని మనిషి తన సంస్థ ఎంత గొప్పదో, ల్యాబులో ఎన్ని మైక్రోస్కోపులున్నాయో చెప్పడానికి పేజీలు ఖర్చు చేస్తాడు, పద్ధతి చెప్పడానికి చోటు చాలదు.

కాల్ డాక్యుమెంట్‌ను మీరు చదివి చెప్పకండి. వాళ్ల చేత చదివించి, పెన్నుతో గీయించి, "ఈ సంస్థ దేనికి డబ్బు ఇవ్వాలనుకుంటోంది?" అని రెండు వాక్యాల్లో చెప్పించండి. తర్వాత ఆ సంస్థ గతంలో డబ్బిచ్చిన ప్రాజెక్టులు చూడమనండి. చాలా సంస్థలు ఈ వివరాలు బయటపెడతాయి, ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే డేటాబేస్‌లో ఎవరైనా సారాంశాలు చదువుకోవచ్చు. ఆ సంస్థలో ఆ గ్రాంట్ల కార్యక్రమాన్ని చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడే వీలు ఉన్నచోట తప్పకుండా మాట్లాడమనండి. కొత్తవాళ్లు ఇది చేయరు, విసిగించినట్టవుతుందేమోనని మొహమాటపడతారు. విసిగించడం కాదు, దరఖాస్తుదారులతో మాట్లాడటం వాళ్ల ఉద్యోగంలో భాగం. ఆ ఒక్క పేజీ ముందుగా పంపి, "నా ప్రాజెక్టు మీ కార్యక్రమంలోకి వస్తుందా, రాకపోతే దేనికి పంపితే బాగుంటుంది" అని సూటిగా అడిగితే చాలు. నెలల శ్రమ ఆ ఒక్క ఈమెయిల్‌తో ఆదా కావచ్చు.

టైమ్ ప్లాన్ గురించి తొందరగా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. డెడ్‌లైన్ నుంచి వెనక్కి లెక్కించాలి. సంస్థ ఆఫీసు లోపల ఇంకో డెడ్‌లైన్ ఉంటుంది, సహకారుల ఉత్తరాలు అడిగిన రోజే రావు, ఎథిక్స్ కమిటీ మన తొందర చూసి కూర్చోదు. ఇవన్నీ క్యాలెండర్‌లో మొదటి వారమే ఎక్కాలి. అంతే.

బడ్జెట్ దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే దాన్ని చాలామంది చివరి రెండు రోజుల్లో అకౌంట్స్ విభాగానికి వదిలేస్తారు. అనుభవమున్న రివ్యూయర్ బడ్జెట్‌ను ప్రపోజల్ లాగే చదువుతాడు. పద్ధతి భాగంలో నాలుగు వందల మందిని రెండేసి సార్లు ఇంటర్వ్యూ చేస్తాం అని రాసి, బడ్జెట్‌లో ఒక్క పార్ట్‌టైమ్ ఫీల్డ్ వర్కర్ కనబడితే, ఆయనకు ఏం అర్థమవుతుంది? ఈ మనిషి ఈ పనిని మనసులో ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా నడిచి చూడలేదని అర్థమవుతుంది. అందుకే బడ్జెట్ ముసాయిదాను పద్ధతి భాగంతో పాటే, ఒక టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టుకుని తయారుచేయించండి. ఇంటర్వ్యూకు ఎంతసేపు, ప్రయాణానికి ఎంత, రోజుకు ఎన్ని, రాసుకున్నవి టైప్ చేసేదెవరు, విశ్లేషించేదెవరు. ఇలా లెక్కేసుకుంటూ పోతే నాలుగు వందలు నూట యాభై అవుతుంది, లేదా ఇంకో మనిషి చేరతాడు. ఏదైనా మంచిదే, రెండూ నిర్ణయాలే.

ఇప్పుడు చదివేవాళ్ల గురించి. ఇది నా మనసుకు చాలా దగ్గరి విషయం. ప్రపోజల్ రాసేవాడు ఊహించుకునే రివ్యూయర్ ఒకడుంటాడు: తన రంగంలో దిట్ట, తీరిగ్గా కూర్చుని, ప్రతి వాక్యం చదివి, రిఫరెన్సులు తెరిచి చూసేవాడు. నిజంగా చదివే మనిషి తన సొంత పని అయ్యాక, రాత్రిపూట, వరసలో ఏడోదో ఎనిమిదోదో తీస్తాడు, మీ అంశానికి దగ్గరి రంగమే కానీ అదే రంగం కాదు. ఎన్‌ఐహెచ్ పద్ధతి చూడండి. ఒక్కో దరఖాస్తును మామూలుగా ముగ్గురు వివరంగా చదువుతారు. 1 నుంచి 9 వరకు స్కోరు, 1 అన్నిటికంటే మంచిది. ముందుగా వచ్చిన స్కోర్లు బాగా లేని దరఖాస్తులు, దాదాపు సగం, మీటింగ్‌లో చర్చకే రావు. చర్చకు వచ్చినవాటికి ప్యానెల్‌లో ఉన్నవాళ్లంతా స్కోరిస్తారు, అందులో ఎక్కువమంది దాన్ని పూర్తిగా చదివి ఉండరు, ఆ ముగ్గురు చెప్పింది విని, పేజీలు తిప్పుతూ ఇస్తారు.

దీన్నిబట్టి మనం రాసేది ఎవరి కోసం? ఆ గదిలో మన తరఫున మాట్లాడబోయే ఒక్క మనిషి కోసం. ఆ మనిషికి మన ప్రాజెక్టు నచ్చింది అనుకోండి, పక్కవాళ్లు "ఇందులో కొత్తదేముంది" అన్నప్పుడు ఆయన చటుక్కున చెప్పగలిగే వాక్యం మన ప్రపోజల్‌లో దొరకాలి. "నమూనా సంఖ్య సరిపోతుందా" అంటే వేలుపెట్టి చూపించగలిగే పేరా ఉండాలి. హెడ్డింగులు, ఖాళీ స్థలం, ప్రతి భాగం మొదట్లో ఒక స్పష్టమైన వాక్యం, ఇవన్నీ అందం కోసం అనుకుంటారు. ఇవన్నీ ఆ మనిషి చేతికి మనం అందించే ఆధారాలు.

దీన్ని పరిశోధకులకు మాటల్లో చెబితే తలూపుతారు, ఒంటపట్టదు. మాక్ ప్యానెల్, అంటే అసలు ప్యానెల్ లాంటి ఉత్తుత్తి ప్యానెల్, పెట్టండి. నలుగురైదుగురు ఒకే కాల్‌కు రాస్తున్నవాళ్లు ఉంటే ఒక గ్రూపు చేయండి, ఒక్కొక్కరూ ఇతరుల ప్రపోజల్స్ చదివి, నిజమైన ఫారమ్ మీద నిజమైన స్కోర్లు వేసి రావాలి. తర్వాత పదిహేను నిమిషాలు చర్చ. రాసిన మనిషి అదే గదిలో ఉంటారు, కానీ మాట్లాడకూడదు. ఇది చాలా బాధగా ఉంటుంది, "అది నాలుగో పేజీలో రాశాను కదా" అని నోటిదాకా వస్తుంది. రాశారు, కానీ చదివిన ముగ్గురికీ కనబడలేదు. ఆ పదిహేను నిమిషాలు మనం నెలరోజులు చెప్పినదానికంటే ఎక్కువ నేర్పుతాయి. ఇంకొక లాభం కూడా ఉంది, ఇతరుల ప్రపోజల్‌కు స్కోరు వేసినవాళ్లు తమ ప్రపోజల్‌ను మళ్లీ పాత కళ్లతో చదవలేరు. కొత్తగా చేరినవాళ్లకు రివ్యూయర్‌గా కూర్చునే అవకాశం దొరికితే వదులుకోవద్దని కూడా చెప్పండి.

కోచ్‌గా మన ప్రవర్తన గురించి ఒక మాట. పెన్ను తీసుకోకండి. మీరు రాసిన పేరా వాళ్లది కంటే బాగుండొచ్చు, కానీ ఆ వాక్యం వెనక ఉన్న ఆలోచన వాళ్లది కాకపోతే, తర్వాత ఇంటర్వ్యూలో ఎవరో దాని గురించి అడిగినప్పుడు వాళ్లు నిలబడలేరు. మార్జిన్‌లో దిద్దుబాట్లకు బదులు ప్రశ్నలు రాయండి: ఇది ఎందుకు, దీనికి ఆధారం, ఇది లేకపోతే ఏం నష్టం. అలాగే వాళ్ల డ్రాఫ్ట్ మీ దగ్గర రహస్యమని గుర్తుంచుకోండి. ఇంకా ఎవరూ చేయని ఆలోచన అది. ఏఐ టూల్‌లో వేసి సారాంశం తీయించాలని అనిపించొచ్చు, వాళ్ల అనుమతి లేకుండా ఆ పని చేయొద్దు. రివ్యూయర్లు ప్రపోజల్స్‌ను అలాంటి టూల్స్‌లో పెట్టడాన్ని ఎన్‌ఐహెచ్ 2023లోనే నిషేధించింది. 2025 సెప్టెంబర్ నుంచి, ఎక్కువ భాగం ఏఐతో తయారైన దరఖాస్తుల్ని తీసుకోబోమని కూడా చెప్పింది, ఒక పరిశోధకుడు ఏడాదికి ఆరు దరఖాస్తులు మించి పంపకూడదని హద్దు పెట్టింది. నియమం సంగతి అటుంచినా, నేను ఇందాకటి నుంచి చెబుతున్న నిర్ణయాలు ఏ టూలూ మన బదులు తీసుకోలేదు.

ఇక రిజెక్షన్. ఇక్కడ కోచ్ అవసరం అన్నిటికంటే ఎక్కువ, కానీ ఎక్కువమంది కోచ్‌లు సబ్మిట్ చేసిన రోజుతో తమ పని అయిపోయిందనుకుంటారు.

రివ్యూలో అదృష్టం పాత్ర ఎంతో నిజాయితీగా చెప్పండి, దాచకండి. 1981లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎన్‌ఎస్‌ఎఫ్‌కు వచ్చిన 150 ప్రపోజల్స్‌ను కొత్త రివ్యూయర్ల చేత మళ్లీ చదివించారు. ఒక ప్రపోజల్ భవితవ్యంలో దాదాపు సగం అది ఎవరి చేతిలో పడింది అన్నదాని మీద ఆధారపడి ఉందని తేల్చారు. 2018లో మరొకటి. 43 మంది రివ్యూయర్ల చేత 25 ఎన్‌ఐహెచ్ దరఖాస్తుల్ని చదివిస్తే, ఒకే దరఖాస్తుకు వేర్వేరు మనుషులు ఇచ్చిన స్కోర్ల మధ్య పొంతన కుదరలేదు. న్యూజిలాండ్‌లో ఆరోగ్య పరిశోధన మండలి 2013లో ఒక రకం గ్రాంట్లకు, కనీస అర్హత దాటినవాటిలోంచి లాటరీ తీయడం మొదలుపెట్టింది. ఇవన్నీ చెప్పేది ఎందుకంటే, ఒక్క రిజెక్షన్‌తో "నేను దీనికి పనికిరాను" అని కుంగిపోయే తెలివైన మనుషులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఒక్క ఫలితం వాళ్ల మీద తీర్పు కాదని మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

అదృష్టం ఉందని చెప్పి వదిలేయకూడదు కూడా. కామెంట్లు వచ్చిన రోజు చదవనివ్వండి, కోపం రానివ్వండి, జవాబు మాత్రం రాయనివ్వకండి. కొన్ని రోజులయ్యాక ఇద్దరూ కూర్చుని కామెంట్లు విడదీయండి. ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లు ఒకే చోట వేలు పెట్టారా? అది నిజమైన లోపం, ముందు దాన్ని పట్టుకోండి. ఒకరే అన్నారా, అదీ మనం రాసినదాన్ని తప్పుగా అర్థం చేసుకుని అన్నారా? అప్పుడు కూడా పేజీదే పొరపాటు అనుకోండి, ఎందుకు అలా అర్థమైందో వెతకండి. అభిరుచి తేడా మాత్రమే అయితే గౌరవంగా పక్కన పెట్టండి. అసలు చూడాల్సింది కామెంట్లలో ఉత్సాహం ఎక్కడుంది అని. లోపాలు పెద్దగా చూపించకుండా స్కోరు మాత్రం మధ్యరకంగా ఇచ్చారంటే, పద్ధతి బాగుంది కానీ ప్రశ్న వాళ్లను కదిలించలేదని అర్థం. అప్పుడు పద్ధతి భాగాన్ని ఎంత దిద్దినా లాభం లేదు, మళ్లీ మొదటి మీటింగ్ దగ్గరికి వెళ్లాలి.

మళ్లీ వేసే నియమాలు సంస్థను బట్టి మారతాయి. ఎన్‌ఐహెచ్‌లో ఒకసారి సవరించి పంపొచ్చు, మొదట పంపిన తేదీ నుంచి 37 నెలల్లోపు, కామెంట్లకు జవాబుగా ఒక పేజీ పరిచయం జతచేసి. ఈఆర్‌సీలో మొదటి దశలో తక్కువ గ్రేడు వస్తే కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేయనివ్వరు, కాబట్టి అక్కడ "ఊరికే ఒక రాయి వేసి చూద్దాం" అనే ధోరణి ఖరీదైనది.

దీనితోనే ముడిపడిన ఇంకో విషయం చెప్పి ముగిస్తాను. "ఈసారి పంపొద్దు" అని చెప్పే ధైర్యం కోచ్‌కు ఉండాలి. ఇది చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. విభాగాధిపతులు దరఖాస్తుల సంఖ్య లెక్కపెడుతుంటారు, పరిశోధకుడు అప్పటికే రాత్రిళ్లు నిద్ర మానుకుని ఉంటాడు. కానీ పైలట్ డేటా లేకుండా, ప్రశ్న ఇంకా తేలకుండా పంపితే, మళ్లీ వేసుకునే అవకాశాన్ని కూడా అక్కడే ఖర్చు చేసేసినట్టు. చెప్పేటప్పుడు మాత్రం ఖాళీగా చెప్పకండి. తర్వాతి కాల్ తేదీ మీ చేతిలో ఉండాలి. అప్పటికి ఏ ప్రయోగం అయిపోవాలి, ఏ ఒక్క గ్రాఫ్ ఉంటే మొదటి లక్ష్యం నిలబడుతుంది, దానికి కావాల్సిన కొద్దిపాటి డబ్బు సంస్థలో ఏ చిన్న ఫండ్ నుంచి రావొచ్చు, ఇవి రాసి ఇవ్వండి. అక్కడే కూర్చుని తర్వాతి మీటింగ్ తేదీ ఇద్దరి క్యాలెండర్లలో పెట్టండి. ఆ మీటింగ్‌కు కూడా డ్రాఫ్ట్ అక్కర్లేదు, ఆ గ్రాఫ్ తెస్తే చాలని చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి. మీ దగ్గర ఇప్పుడు నడుస్తున్న ప్రపోజల్ ఏదైనా ఉంటే, పేర్లు లేకుండా, దాని గురించే మాట్లాడుకుందాం.